జెండా బొంత కుట్టి వేలం వేయొచ్చా?

ఆగస్టు 15కి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళంతా కలిసి జెండా బొంత కుట్టి, వేలం వేసి, ఆ డబ్బు వృద్ధాశ్రమానికి ఇవ్వాలనుకుంటున్నామని, ఎలా మొదలుపెట్టాలని అడిగారు. బెంగళూరులో మారతహళ్ళి వైపు మా తెలుగువాళ్ళం కొందరం ఇలాంటిదే కుట్టాం.

ముందు జెండా ఆలోచన మానుకోండి. దిండ్లు, రుమాళ్ళు, కట్టుకునే బట్టల మీద జాతీయ జెండా కుట్టడాన్నీ, అచ్చు వేయడాన్నీ 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ఒప్పుకోదు. బొంత అంటే కాళ్ళ మీద కప్పుకునేదే కదా! మూడు పట్టీలు, మధ్యలో చక్రం వచ్చాయంటే ఎవరైనా జెండా అనే అంటారు. అందుకే మేం కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ముక్కల్ని కలగాపులగంగా పేర్చి, వాటి మధ్య పెడన కలంకారీ, మంగళగిరి చీర ముక్కలు వేశాం. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చలే ఉండేవి. అది గుర్తుచేస్తూ బందరు నుంచి వచ్చిన ఒకావిడ ఎర్ర ముక్క మీద ఆకుపచ్చ దారంతో రాట్నం కుట్టారు. బొంత మొత్తానికి అదే అందం.

గుడ్డ కొనక్కర్లేదు. పేరంటాల్లో వచ్చి బీరువాలో పేరుకుపోయిన జాకెట్ ముక్కలు, మగవాళ్ళ పాత పంచెలు చాలు. కాకపోతే ప్రతి ముక్క నుంచీ ఒక పోగు లాగి కాల్చి చూడండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. అది పక్కన పెట్టేయండి, ఇస్త్రీకి నిలవదు. ఎరుపు, ఆకుపచ్చ ముక్కల్ని తడిపి తెల్లగుడ్డ మీద నొక్కండి. రంగు అంటుకుంటే ఎంత ముచ్చటగా ఉన్నా వద్దు.

కత్తిరించే పని మాత్రం ఒక్కరి చేతికే ఇవ్వండి. ఎవరికైనా కోపం వచ్చినా సరే. కొలతకి పెట్టుకునే అట్టముక్క పన్నెండున్నర అంగుళాల చదరం. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులో పోగా 12 అంగుళాలు మిగులుతుంది. అడ్డం 5, నిలువు 7, మొత్తం 35 ముక్కలకి సింగిల్ మంచం బొంత వస్తుంది. లోపల పాత కాటన్ చీర రెండు మడతలు చాలు, అంతకన్నా మందమైతే సూది దిగదు. పైన కుట్టేముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి. మా పక్కింటి ధార్వాడ పెద్దావిడ కౌది (కన్నడవాళ్ళ పాతబట్టల బొంత) కుట్టినట్టే అంచు నుంచి లోపలికి తిరుగుతూ కుట్టుకొచ్చారు, ఎక్కడా ఉబ్బలేదు.

కుట్టినవాళ్ళ పేర్లు వెనకవైపు ఒక పట్టీ మీద రాయండి. టికెట్లు అమ్మి లాటరీ తీయాలని ఎవరో ఒకరు అంటారు, అనుమతి లేని లాటరీ నేరం, వేలమే నయం. డబ్బు కట్టాక ఆశ్రమం ఇచ్చిన రసీదు ఆ రోజే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయండి. లెక్క అడిగే అంకుల్ ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు.