ట్రామ్ ఎక్కి శాన్ జసింటో శిఖరానికి: జూన్‌లో ఒక్క రోజులో అయ్యే పనేనా?

జూన్‌లో డల్లాస్ నుంచి కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ వస్తున్నామని, ట్రామ్‌లో (తీగల మీద వేలాడుతూ కొండెక్కే రోప్‌వే బండి) పైకెళ్లి శాన్ జసింటో శిఖరం ఎక్కి సాయంత్రానికి దిగిపోవచ్చా అని అడిగారు. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లమే కాబట్టి పర్లేదనుకుంటున్నామని, నాన్నగారిని, అత్తయ్యగారిని కూడా తీసుకురావచ్చా అనీ అన్నారు. మీ ఇద్దరికీ అవుతుందండీ. పెద్దవాళ్లని శిఖరం దాకా మాత్రం తీసుకెళ్లకండి. వాళ్ల సంగతి కింద చెప్తాను.

ముందు అలిపిరి లెక్క పక్కన పెట్టండి. తిరుమల ఉన్నది సముద్రమట్టానికి మూడు వేల అడుగుల దరిదాపుల్లో. ఇక్కడ ట్రామ్ కింది స్టేషనే 2,643 అడుగుల దగ్గరుంది. అంటే ఇంచుమించు గోవిందుడి గుడి ఎత్తులో మీరింకా టికెట్ లైన్లోనే ఉంటారన్నమాట. అక్కణ్ణుంచి పది నిమిషాల్లో ట్రామ్ 8,516 అడుగులకి చేరుస్తుంది. శిఖరం 10,834. మిగిలింది 2,300 అడుగులేగా అనిపిస్తుంది. కానీ ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. పైన ఒక్కో శ్వాసకీ అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో మూడింట రెండు వంతులు. కాళ్లలో సత్తువ ఉన్నా ఊపిరి ఆడదు.

మా బావమరిది రోజూ ఐదు మైళ్లు పరిగెత్తే మనిషి. నాతో వచ్చినప్పుడు మొదటి రెండు మైళ్లు మా అందరికంటే ముందున్నాడు. సగం దారి దాటాక వచ్చే వెల్మన్ డివైడ్ దగ్గరికి వచ్చేసరికి ఒక బండ మీద కూలబడ్డాడు. తలనొప్పి, వికారం. పులిహోర డబ్బా మూత తీస్తే మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. కాసేపు కూర్చుంటే తగ్గుతుందన్నాడు గానీ తగ్గలేదు. దాంతో శిఖరం మానేసి అందరం దిగిపోయాం. ఇంకా కిందున్న రౌండ్ వ్యాలీ దాటేసరికి ఆ డబ్బా తనే అడిగి ఖాళీ చేశాడు. ఎత్తు పడకపోతే మందు దిగిపోవడమే. ఇంత దూరం వచ్చాం కదా అని మొండికేసే చోటు కాదది. మీరు రెండు రోజులు ముందే వస్తున్నారు కాబట్టి ఒక రాత్రి ఐడిల్‌వైల్డ్‌లో పడుకోండి. ఐదు వేల అడుగుల పైనున్న ఊరది, కొంచెమైనా అలవాటవుతుంది.

ఇక టైము. నన్నడిగితే ఈ ప్లాన్ మొత్తానికి ఆయువుపట్టు ఇదే. శనాదివారాల్లో మొదటి బండి ఎనిమిదింటికి ఉంటుంది, మామూలు రోజుల్లో పదింటికి. ఈ వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి, వచ్చే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. జనం ఎక్కువున్నా సరే, మీరు శనివారమే పెట్టుకోండి. ఆ రెండు గంటల తేడా మధ్యాహ్నానికి తెలిసొస్తుంది. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ఏడుంపావుకల్లా అక్కడుంటే మొదటి బండి దొరకచ్చు. బండిలో ఎనభై మంది దాకా పడతారు. లోపల నేల మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి కిటికీ కోసం తోసుకోనక్కర్లేదు. ఒక్కో టవర్ దాటినప్పుడు బండి ఊగుతుంది, అందరూ ఒక్కసారిగా కేకలేస్తారు. అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి.

పైన దిగాక స్టేషన్ వెనక నుంచి సిమెంటు బాట వంకర్లు తిరుగుతూ లాంగ్ వ్యాలీలోకి దిగుతుంది. పొద్దున దిగేటప్పుడు అది లెక్కలోకే రాదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే ఎక్కాలి, పదకొండు మైళ్లు నడిచిన కాళ్లతో. శిఖరం ఎక్కినప్పుడు నోరు మెదపని మా ఆవిడ అక్కడ మాత్రం తిట్టుకుంది.

ఆ బాట దిగాక పార్కు రేంజర్ స్టేషన్ దగ్గర డే పర్మిట్ (ఆ రోజు నడకకి అనుమతి) ఫారం నింపాలి. డబ్బులేమీ లేవు, కానీ తప్పనిసరి. రౌండ్ వ్యాలీ దాకా రెండు మైళ్లు, పైన్ చెట్ల నీడలో హాయిగా పోతుంది. అక్కణ్ణుంచి వెల్మన్ డివైడ్‌కి మైలు పైచిలుకు, నిలువుగా ఉంటుంది. అసలు పరీక్ష అక్కడే. దాదాపు 9,700 అడుగులు. దక్షిణం వైపు కొండలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. టిఫిన్ అక్కడ తినండి, పైకెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. తర్వాత రెండు మైళ్ల పైన ఉంటుంది గానీ వాలు తక్కువ, నీడా తక్కువే. చివర్లో ఒక రాతి గుడిసె వస్తుంది, 1930లలో కట్టింది. గాలివాన వస్తే తలదాచుకోవడానికి బంకులున్నాయి లోపల. అది దాటితే దారి ఉండదు. పెద్ద పెద్ద బండల మీద చేతులు ఆన్చి ఎక్కాలి, నడక కర్రలుంటే మడిచి బ్యాగులో పెట్టేసుకోండి. పైనుంచి చూస్తే ఉత్తరానికి శాన్ గొర్గోనియో కొండ, మధ్యలో లోయ అడుగున గాలిమరలు, ఆగ్నేయంగా సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సు.

మామూలు నడకకి ఎక్కడానికి నాలుగు గంటలు, దిగడానికి రెండున్నర వేసుకోండి. ఎక్కడున్నా సరే, రెండింటికి వెనక్కి తిరగాలి. శిఖరం బండలు యాభై గజాల దూరంలో కనిపిస్తున్నా సరే. జులై, ఆగస్టుల్లో అయితే పన్నెండుకే తిరగమంటాను, మధ్యాహ్నం ఉరుములు మెరుపులు వస్తాయి. జూన్‌లో ఆ బెడద తక్కువ.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, కిందే నింపుకోండి. పామ్ స్ప్రింగ్స్‌లో 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే పైన డెబ్భై చుట్టుపక్కల ఉంటుంది, శిఖరం మీద గాలికి ఇంకా తక్కువ. కింద పార్కింగ్‌లో చెమటలు కారుతుంటే జాకెట్ ఎందుకని కార్లో వదిలేసేవాళ్లని ప్రతిసారీ చూస్తాను. వదలకండి.

కింద పామ్ స్ప్రింగ్స్ ఊళ్లోని మ్యూజియం దగ్గర నుంచి, ట్రామ్ లేకుండా నడిచే ఎక్కండి, అసలు మజా అదే అని ఎవరైనా చెప్పచ్చు. ట్రామ్ పై స్టేషన్‌కే దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎక్కుడు, దారిలో చుక్క నీరుండదు. వేసవిలో ఆ దారిలో ప్రాణాలు పోయాయి. జూన్‌లో ఆ ఊసే వద్దు.

నాన్నగారు, అత్తయ్యగారు మీతోనే ట్రామ్ ఎక్కచ్చు. బీపీ, గుండె మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగండి. పైన లాంగ్ వ్యాలీలో మైలు లోపు చదును దారి ఒకటుంది, డెజర్ట్ వ్యూ అని ఒకటిన్నర మైళ్ల చుట్టు ఇంకోటి ఉంది. స్టేషన్‌లో క్యాంటీన్, బాత్రూములు, బాల్కనీలో కుర్చీలు ఉన్నాయి. కానీ మీరు తిరిగొచ్చేసరికి ఏడెనిమిది గంటలు పడుతుంది, అంతసేపు వాళ్లకి తోచదు. వాళ్లు మధ్యాహ్నం బండిలో దిగి హోటల్‌కి వెళ్లిపోయేలా చూడండి. కారు తాళాలు నాన్నగారికే ఇచ్చి, మీరు దిగాక క్యాబ్ పిలుచుకోండి. పైన ఫోన్ సిగ్నల్‌ని నమ్మడానికి లేదు కాబట్టి, మీరు ఏ టైముకి రాకపోతే రేంజర్లకి చెప్పాలో పొద్దునే ఆయనకి కాగితం మీద రాసివ్వండి.

ఈ ఏడు మంచు ఎక్కువ పడుంటే వెల్మన్ పైన నీడ పట్టున జూన్ మొదటి వారాల్లో కూడా గట్టి మంచు మిగిలి ఉండచ్చు. వచ్చే ముందు వారం రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేసి అడగండి. ఉందంటే బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ కొనుక్కోండి, లేదంటే రౌండ్ వ్యాలీ దాకా వెళ్లి వచ్చేయండి.