ఆర్గానిక్ వైన్‌లో సల్ఫైట్లు ఉంటే మోసమేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పెళ్లిరోజుకని ఒక షాపులో ఫ్రాన్స్ వైట్ వైన్ రెండు సీసాలు కొన్నాం, ఒక్కోటి 3,400 రూపాయలు. ఒక చిన్న కుటుంబం సొంత తోటలో చేసిన ఆర్గానిక్, నేచురల్ వైన్ అని రాశారు. తెరిస్తే మసకగా ఉంది, అడుగున మడ్డి. వెనక చిన్న అక్షరాల్లో 'సల్ఫైట్లు ఉన్నాయి' అని ఉంది. మా ఆడపడుచుకి ఆస్తమా, అందుకే టెన్షన్. షాపువాళ్లు వాపసు తీసుకోం అన్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ మీరనుకున్న కారణానికి కాదు.

మడ్డి సంగతి వదిలేయండి. వడకట్టకుండా సీసాలో నింపే వైన్‌లో అది మామూలే. సల్ఫైట్లు, అంటే వైన్ పాడవకుండా కాపాడే గంధకపు పదార్థాలు, ఉన్నంత మాత్రాన కూడా మోసం కాదు. రసం పులిసేటప్పుడే కొంత దానంతటదే పుడుతుంది. పైగా యూరప్ నిబంధనలు ఆర్గానిక్ వైన్‌లోనూ కలపనిస్తాయి: తీపి లేని వైట్ వైన్ అయితే లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా, మామూలు దానికి 200 దాకా. ఆ చిన్న అక్షరాలు మీ ఆడపడుచు లాంటివాళ్ల కోసమే. దయచేసి ఆమెకి ఇవ్వకండి.

అసలు పట్టు లేబుల్‌లో ఉంది. మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఫ్రెంచి లేబుల్ మీద నక్షత్రాలతో గీసిన ఆకు ఉంది, అది యూరప్ ఆర్గానిక్ ముద్ర. దాన్ని సగం కప్పేస్తూ దిగుమతిదారు స్టిక్కర్ అంటించారు. అందులో లైసెన్సు నంబరు ఉంది, ధర ఉంది, 'ఆర్గానిక్' అనీ ఉంది. మన దేశపు ఆర్గానిక్ ముద్ర అయిన 'జైవిక్ భారత్' గుర్తు మాత్రం ఎక్కడా లేదు. 2017 ఆర్గానిక్ ఆహార నిబంధనల ప్రకారం ఇక్కడ ఆర్గానిక్ పేరుతో అమ్మే సరుకు మీద ఆ గుర్తు ఉండాలి. తాను పండించింది నేరుగా చేతికిచ్చి అమ్ముకునే చిన్న రైతుకి సడలింపు ఉంది గానీ, దిగుమతై షాపుకొచ్చిన సీసాకి అది పనికిరాదు. 'నేచురల్' అన్న మాట వాడటానికీ 2018 నిబంధనల్లో షరతులున్నాయి.

కాబట్టి ఆ తోట కుటుంబాన్ని దొంగలనకండి. వాళ్ల ముద్ర వాళ్లకుంది. నోటీసు దిగుమతిదారుకీ షాపుకీ పంపండి, 15 రోజుల గడువిచ్చి సర్టిఫికెట్ చూపమనండి.

రెండో సీసా మూత తీయకండి. ల్యాబ్‌కి పంపాల్సి వస్తే అదే ఆధారం. బిల్లుని ఈరోజే ఫోటో తీయండి, ఆ కాగితం మీద అక్షరాలు నెలల్లో వెలిసిపోతాయి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోం' అని దాని మీద అచ్చేసినా భయపడక్కర్లేదు. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే బెంగళూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆహార భద్రతా అధికారికీ విడిగా రాయండి. తప్పుడు లేబుల్ అని తేలితే 3 లక్షల దాకా జరిమానా పడుతుంది, అది మీకు రాదు. మీరు అడగాల్సింది 6,800 రూపాయలు, ఖర్చులు.