ఒకే చెట్టు మీద నుంచి ఇన్ని పిట్టల కూతలా?

మహారాష్ట్రలోని అహేరి దగ్గర మీ ఇంటి వెనక టేకుల్లోంచి తెల్లవారుజామున డేగ అరుపు, వంగపండు పిట్ట కూత, ఏదో ఈల వరసగా వినిపిస్తున్నాయనీ, చూస్తే ఒక్క నల్లపిట్టే ఉందనీ, ఎగిరితే రెండు తుమ్మెదలు దాని వెంటపడుతున్నట్టుందనీ రాశారు. ఇక అనుమానం అక్కర్లేదు. అది పసులపోలిగాడి జాతిలోదే, గ్రేటర్ ర్యాకెట్ టెయిల్డ్ డ్రోంగో. మరాఠీ పుస్తకాల్లో పల్లవపుచ్ఛ కొత్వాల్ అని ఉంటుంది.

ఆ తుమ్మెదలు దాని తోకే. అటూ ఇటూ చివర ఉండే ఈకలు బాగా పొడుగ్గా పెరుగుతాయి. మధ్యలో ఉత్త కాడ, కొనలో మాత్రం ఆకులా విచ్చుకుంటుంది. ఈకలు రాలే రోజుల్లో ఒకటే ఉన్నదీ, రెండూ లేనిదీ కనిపిస్తుంది. అప్పుడు నుదుటి మీద కుచ్చు చూడండి. కరెంటు తీగల మీద, గేదెల మీద కూర్చునే మామూలు పసులపోలిగాడికి ఆ కుచ్చు ఉండదు.

తునికాకు కోతకు చీకటితోనే అడవికి పోయేవాళ్ళం. అందరికంటే ముందు గొంతెత్తేదీ, పొద్దుగూకినా ఆపనిదీ ఇదే. వడ్రంగిపిట్ట బెరడు పొడుస్తుంటే పక్కకొమ్మ మీద కాపు వేసి, బెదిరి లేచిన పురుగుల్ని గాల్లోనే అందుకుంటుంది. ఒకరి కష్టం, ఇంకొకరి భోజనం! డేగలా అరిచి మిగతా పిట్టల్ని బెదరగొట్టి, వాటి నోటి దగ్గరి పురుగు ఎత్తుకుపోతుందని కూడా అంటారు. అయినా అవి దీన్ని వదిలిపోవు. నిజంగా డేగ వస్తే ముందు కేకేసేది, మీదపడి తరిమేది ఇదే మరి.

ఇలా వేరే పిట్టల కూతల్ని అనుకరించడం ఉబుసుపోకకు కాదు. శ్రీలంక సింహరాజ అడవిలో ఎబెన్ గుడేల్, సరత్ కొటగమ అనే పరిశోధకులు దీని కూతలు రికార్డు చేసి అక్కడి పిట్టలకు వినిపించారు. వేరే పిట్టల గొంతు కలిసిన కూతలకే ఎక్కువ పిట్టలు దగ్గరికొచ్చాయని 2006లో రాశారు. అంటే గుంపును పిలుచుకోవడానికి పక్కవాళ్ళ భాష వాడుతోందన్నమాట. ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఇతర పిట్టల బెదురు కూతల్నే ఎత్తుకుంటుందట. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించింది ఇదే.

పట్టి పంజరంలో పెట్టుకోవచ్చా అని చివర్లో అడిగారు. వద్దండీ, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. పెరటి వెనక బూరుగు చెట్టుంటే కొట్టించకండి. పూసినప్పుడు తేనె కోసం అదే వస్తుంది.