అడయారులో గేలం వేస్తానన్న మా చిట్టికి

చిట్టీ,

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "బావగారూ, మీరు నేర్పిన విద్యే ఇది, మీరే మాన్పించండి" అంది. నువ్వు ఆఫీసు స్నేహితులతో కలిసి చెన్నైలో అడయారు ఏటి దగ్గర వంతెనల పక్కన గేలం వేయడానికి పోతున్నావట. కర్రా, రీలూ కొనేశావట. మీ అమ్మ భయాలు వేరు. రాత్రిపూట, ఆడపిల్ల, పట్నంలో ఒక్కతే, ఊళ్ళో ఏమనుకుంటారో. అవి నువ్వూ మీ అమ్మా తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగొద్దు. నా భయమంతా నీళ్ళ గురించే.

నిజం చెప్పాలంటే ఫోన్ పెట్టేశాక నవ్వుకున్నాను. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మన ఊరి చెరువు గట్టు మీద మీ అన్నలిద్దరూ వానపామును చూసి పారిపోతే, నువ్వే తీసి గేలానికి గుచ్చావు. బెండు మునిగినప్పుడు అరవలేదు కూడా. నా చొక్కా పట్టుకొని మెల్లగా "పెదనాన్నా, పిలుస్తోంది" అన్నావు. పడింది అరచేతంత చైనా గొరక. దాన్ని ఇంటికి తీసుకుపోయి బకెట్లో పెట్టి, మీ పెద్దమ్మను కత్తిపీట ముట్టుకోనివ్వలేదు. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషిని, నా చేతి నుంచి ఇంకొకరికి పోయింది ఏమైనా ఉంటే ఆ గేలం ఒక్కటే. అందుకే మానెయ్యమని రాయడం లేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. కాళ్ళకు బూట్లు. తలకు కట్టుకునే టార్చి. ఇద్దరికి తక్కువ కాకుండా పోవాలి. వంతెన పైన నిలబడి విసరొద్దు, వెనక బైకు మీద పోయేవాడి చెవికి తగులుతుంది గేలం. ఉరుము వినపడిందా, కర్ర కింద పెట్టి దూరంగా వచ్చెయ్. మీరు కొనే ఆ నల్ల కార్బన్ కర్రల్లో కరెంటు పారుతుంది, పైన కరెంటు తీగలున్న చోట కూడా దాన్ని ఎత్తకూడదు. జెల్ల పడితే చేత్తో పట్టుకోవద్దు, వీపు మీద ఒక ముల్లు, పక్కలకు రెండు ఉంటాయి. గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టు, నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగితే డాక్టరు దగ్గరికి పో, యూట్యూబు దగ్గరికి కాదు.

ఇక చేప సంగతి. వంతెన దగ్గరే ఎందుకు వేస్తారో నీ స్నేహితులు చెప్పారా? స్తంభానికి నీళ్ళు గుద్దుకొని రెండు పక్కలా చీలి పోతాయి. దాని వెనక నీళ్ళు కాస్త నెమ్మదిగా సుడి తిరుగుతుంటాయి. పండుగప్ప అక్కడ ఊరికే నిలబడి ఉంటుంది, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి. చిన్న చేపలు, రొయ్యలు కొట్టుకొచ్చినప్పుడు నోరు తెరవడమే దాని పని. రాత్రి వంతెన దీపాల వెలుగు నీళ్ళ మీద పడుతుంది చూడు, ఆ వెలుగులోకి చిన్న చేపలు వస్తాయి. పెద్దది వెలుగులో ఉండదు, వెలుగూ నీడా కలిసే గీత దగ్గర చీకటి వైపున ఉంటుంది. కాబట్టి ఎరను స్తంభం మీదికి విసరకు. ప్రవాహానికి ఎగువన వెయ్యి, అదే కొట్టుకుంటూ నీడలోకి పోతుంది. బతికున్న రొయ్యను మించిన ఎర లేదు. మీ పట్నం వాళ్ళు పండుగప్పను కొడువా అంటారు, నీ గొరకను జిలేబీ అంటారు. జిలేబీ అని వినగానే మిఠాయి అనుకోకు.

పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్ళు ఎక్కడం, తీయడం, ఆ లెక్క కూడా నేర్చుకో. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. మరుసటి రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. మా బస్సులూ ఆలస్యంగానే వచ్చేవి గానీ దానికో లెక్క ఉండేది కాదు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. నీ ఫోన్‌లో కనపడేది హార్బరు దగ్గర టైము. ఏట్లోకి అది ఆలస్యంగా వస్తుంది, ఏటి మూతి ఇసకతో సగం పూడి ఉంటే ఇంకా ఆలస్యం. అందుకని పోగానే నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చు. పది నిమిషాలకోసారి దాన్ని చూడు. మీ తీరంలో పెద్ద పోటైనా మీటరు అటూ ఇటూ, అంతే కదా అంటావు. గోడ పక్కన మీటరు అంటే మీటరే. చదునుగా ఉన్న బురద మీద ఆ మీటరు నీ వెనక ఎంత దూరం పాకుతుందో నాకు తెలుసు.

ఎట్టా తెలుసో ఇప్పుడు చెప్తాను. ఇది మీ అమ్మకు తెలియదు. మా అమ్మకు తెలియకుండానే పోయింది.

1984లో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటిందే, దానికి ముందటేడు. నాకు ఇరవై రెండేళ్ళు, మీ నాయనకు పద్నాలుగు. కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే ఉప్పుటేరు ఉంది కదా, దాని పాయ ఒకదాని మీద చిన్న పాత వంతెన ఉండేది. ఇప్పుడు రేవు వచ్చాక ఆ చోటు నేనే గుర్తు పట్టలేను. సైకిలు మీద వాణ్ణి ఎక్కించుకొని పోయాను. నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. ఆ రోజు నా దగ్గర కొత్త నైలాన్ దారం, మంచి స్టీలు గేలం, సీసం గుండు ఉన్నాయి. అంతా కలిపి పన్నెండు రూపాయలు. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, ఆ డబ్బు మీ పెదతాత దగ్గర అబద్ధం చెప్పి తెచ్చింది.

మూడోసారి విసరగానే గేలం స్తంభం మొదట్లో తగులుకుంది. స్తంభాలకు ఆల్చిప్పలు పట్టి ఉంటాయి, కత్తుల్లాంటివి. లాగాను, రాలేదు. పక్కకు పోయి లాగాను, రాలేదు. తెంపేసి ఉంటే అయిపోయేది. చాకు జేబులోనే ఉంది. నేను తెంపలేదు. "ఒరే, నువ్వు తేలిగ్గా ఉన్నావు, నువ్వు దిగి తీసుకురా" అన్నాను.

వాడు లుంగీ ఎగ్గట్టుకొని దిగాడు. మొదట మడమల దాకా. తర్వాత మోకాళ్ళ దాకా, వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. ఇంకో నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. స్తంభం చుట్టూ నీళ్ళు తిరిగి తిరిగి గొయ్యి తవ్వుతాయి, పాటు తీసినప్పుడు ఆ గోతిలో మెత్తటి అడుసు నిండి పైకి చదునుగా కనపడుతుంది. అది అప్పుడు నాకు తెలియదు. వాడు తొడల దాకా దిగిపోయి "అన్నా, కాలు రావడం లేదు" అన్నాడు. నేను "గేలం దొరికిందా?" అన్నాను.

ఆ మాట నేను అన్నాను, చిట్టీ. రెండుసార్లు అన్నాను. దారం అప్పటికీ నా చేతిలోనే ఉంది.

పోటు తిరిగింది. ఎప్పుడు తిరిగిందో చూసుకోలేదు, వాడి నడుముకు నీళ్ళు తగిలినప్పుడు చూశాను. అప్పుడు దారం వదిలి పరిగెత్తాను. చేతులు పట్టుకొని లాగితే వాడు రాలేదు, నేను మోకాళ్ళ దాకా దిగాను. అవతల ఒడ్డున పీతలు పట్టే మొగుడూ పెళ్ళాలిద్దరు ఉన్నారు. నా కేకలు విని ఆయన రెండు తాటి మట్టలు పట్టుకొని వచ్చి, వాటిని బురద మీద పరిచి బోర్లా పడుకొని పాకాడు. నన్ను తిట్టాడు, "లాగొద్దు, లాగితే కాలు ఊడుద్ది" అని. తమ్ముణ్ణి వెనక్కి వాలమన్నాడు, చేతులు చాపి నీళ్ళ మీద పడుకున్నట్టు. తొడ పక్కనుంచి చెయ్యి దించి అడుసును కదిపి నీళ్ళు లోపలికి పోనిచ్చాడు. ఒక కాలు వచ్చింది. తర్వాత రెండోది. అప్పటికి నీళ్ళు వాడి ఛాతీ దాకా ఉన్నాయి. వాడు ఏడవలేదు. నన్నే చూస్తున్నాడు.

ఎడమ పాదం ఆల్చిప్పకు తెగింది. చీము పట్టి రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు, ఆ ఏడు పరీక్ష పోయింది. మీ నాయన కాలి మీద మచ్చ సైకిలు చైనుది అని నీకు చెప్పాడు కదా. మా అమ్మకూ అదే చెప్పాడు. నేను చెప్పమనలేదు. ఇల్లు చేరేలోపే వాడే అనేశాడు, నేను నోరు మూసుకొని ఉన్నాను. నలభై ఏళ్ళ పైన అయింది, మేమిద్దరం ఆ సంగతి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. మామిడికాయ వేసి చేపల పులుసు వండిన రోజు వాడు పప్పుచారు పోయించుకుంటాడు చూశావా? పడదు అంటాడు. పడక కాదు.

నువ్వు గేలం కొన్నావని మీ అమ్మ చెప్పినప్పుడు వాడు ఏమీ అనలేదట. లేచి పోయి మోటారు ఆఫ్ చేసి వచ్చాడట. మోటారు ఆ రోజు వెయ్యనే లేదట.

కాబట్టి మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు, గేలం తగులుకుంటే తెంపెయ్. అది ఎంత ఖరీదైనా సరే, ఎవరిదైనా సరే. "నేను దిగి తీస్తాను" అని ఏ కుర్రాడు అన్నా దిగనివ్వకు. జేబులో చాకు లేకుండా నీళ్ళ దగ్గరికి పోకు. నా చాకు పంపుదామనుకున్నాను గానీ పంపను, నేనింకా చెరువుకు పోతూనే ఉన్నాను. కొత్తది కొనుక్కో.

అడయారు గురించి ఇంకొంచెం. ఏటి మూతి దగ్గర విరిగిన వంతెన ఒకటి ఉంది. 1977లో ఏటి ఉధృతికి అందులో ఒక ముక్క కొట్టుకుపోయింది. నేను చూశాను, సాయంత్రం పూట అందంగానే ఉంటుంది, ఫోటోలు తీసుకుంటారు. నువ్వు దాని చివరికి పోయి కూర్చోకు. వేసవిలో ఇసక మేట వేసి మూతి మూసుకుపోతే పోటు లోపలికి రాదు, నీళ్ళు నిలిచి కుళ్ళుతాయి, అప్పుడు పోయినా దండగే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు మూతి తెరుచుకుంటుంది, చేప వస్తుంది, నా గుండె దడ కూడా అప్పుడే. నీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన చెంబరంబాక్కం చెరువు తెరిస్తే ఏరు పొంగుతుంది. 2015 డిసెంబరులో ఊరు మునిగినప్పుడు ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు. చెరువు తెరుస్తారన్న వార్త వింటే ఆ వారం గేలం ముట్టుకోకు.

ఆ చేపను తినొద్దు. ఊరి మురుగు ఆ ఏట్లోకి పోతుంది. పట్టు, చూడు, వదిలెయ్. చేతికి కాలికి దెబ్బ ఉంటే ఆ నీళ్ళు తగలనివ్వకు, తర్వాత జ్వరం వస్తే డాక్టరుకు ఆ ఏటి సంగతి చెప్పు. పండుగప్ప తినాలని ఉంటే పండక్కి ఇంటికి రా, మీ పెద్దమ్మ పులుసు పెడుతుంది.

ఈ ఆదివారం అష్టమి, క్యాలెండరు చూశాను. చిన్న పోటే. పోయి రా. గదికి చేరాక ఫోన్ నాకు చెయ్యొద్దు, మీ నాయనకు చెయ్యి. ఎంత రాత్రైనా మేలుకొనే ఉంటాడు. ఏం పడిందో చెప్పు, ఎన్ని గేలాలు తెంపావో కూడా చెప్పు.

మీ పెదనాన్న