గది బుక్ చేసుకున్నాక పార్కింగ్ ఫీజు కట్టమంటే...

ప్రశ్న: మాది వనస్థలిపురం. పిల్లలకు దసరా సెలవులని, ఔటర్ దాటాక థీమ్ పార్కును ఆనుకుని ఉన్న ఓ రిసార్ట్ హోటల్లో రెండు రాత్రులకు రెండు గదులు నెల ముందే యాప్‌లో బుక్ చేశాను. డబ్బంతా అప్పుడే కట్టేశాను. మేమూ, మా ఆడపడుచు వాళ్లూ రెండు కార్లలో వెళ్లాం. తీరా రిసెప్షన్‌లో గది తాళాలు ఇచ్చే ముందు కారుకు రాత్రికి 400 చొప్పున మొత్తం 1,600 రూపాయలు పార్కింగ్ ఫీజు కట్టమన్నారు. ‘ఈ నెల ఒకటో తారీఖు నుంచి కొత్త రూల్ మేడమ్, వెబ్‌సైట్‌లో పెట్టాం’ అన్నారు. మా ముందున్న కుటుంబం గట్టిగానే వాదించింది. ఒకాయనైతే గది క్యాన్సిల్ చేయమంటే, డబ్బు వాపసు రాదని రిసెప్షన్ వాళ్లు చెప్పారు. పిల్లలు అలిసిపోయి ఉన్నారని మేం కట్టేశాం. కార్లు వాళ్ల డ్రైవరే తీసుకెళ్లి పెట్టాడు. మర్నాడు చూస్తే మా ఆడపడుచు వాళ్ల కారు వెనక డోర్‌కి సొట్ట పడి ఉంది. అడిగితే ‘పార్కింగ్ ఓనర్ రిస్క్’ అని రాసి ఉన్న బోర్డు చూపించారు. ఫ్లోరిడాలో ఉండే మా తమ్ముడు ‘ఇక్కడ డిస్నీ వాళ్లే వసూలు చేశారక్కా, ఏం చేయలేం’ అంటున్నాడు. నిజంగా ఏమీ చేయలేమా? 1,600 కోసం లాయర్‌ని పెట్టుకోవాలా?
— ఓ పాఠకురాలు

జవాబు: చేయగలరు. లాయర్ అక్కర్లేదు. అయితే ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హోటల్ పార్కింగ్ ఫీజు తీసుకోవడమే నేరం అనుకుని బయల్దేరితే మీ కేసు దారి తప్పుతుంది. బుకింగ్ సమయంలోనే ‘కారుకు రాత్రికి 400’ అని కనపడేలా చూపించి ఉంటే, ఇష్టమై మీరు బుక్ చేసుకుని ఉంటే, నేను మీకు ఈ జవాబు రాసేవాణ్ని కాదు. మీ బలం వేరే చోట ఉంది. ధర ఖాయమైంది, మీరు మొత్తం కట్టేశారు. ఆ తర్వాత గుమ్మంలో నిలబెట్టి ఇంకో ధర చెప్పారు. తప్పు అక్కడ జరిగింది.

మీరు యాప్‌లో డబ్బు కట్టి, కన్ఫర్మేషన్ వచ్చిన క్షణానే ఒప్పందం పూర్తయింది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 62వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒక పక్షం తన వెబ్‌సైట్‌లో ఓ లైను చేర్చినంత మాత్రాన, అంతకు ముందే డబ్బు కట్టిన వాళ్లకు అది వర్తించదు. కాబట్టి ముందు తేదీలు చూడండి. మీ బుకింగ్ నెల ముందుది, వాళ్ల రూల్ ఒకటో తారీఖుది. ఈ ఒక్క తేడాయే మీ కేసులో సగం.

హోటల్ వాళ్లు చెప్పబోయే సమాధానం కూడా ఇప్పుడే చెబుతాను. నిబంధనల పేజీలో ఎక్కడో ‘పార్కింగ్ చార్జీలు వర్తించవచ్చు’ అని ఉందంటారు. ఒకవేళ నిజంగా ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది, కానీ పోదు. ఎందుకంటే 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, మార్కెట్‌ప్లేస్ యాప్‌లో సేవ అమ్మేవాళ్లు మొత్తం ధరను ఒకే అంకెలో చూపాలని, దాంతోపాటు తప్పనిసరి చార్జీలనూ ఐచ్ఛిక చార్జీలనూ విడగొట్టి చూపాలని చెబుతున్నాయి. ఐచ్ఛికం అనే మాట గమనించండి. ‘పార్కింగ్ మీ ఇష్టం, కారు తెచ్చుకోకపోతే ఫీజే లేదు కదా’ అనే వాదన ఇక్కడ నిలబడదు. ‘వర్తించవచ్చు’ అని అంకె లేకుండా రాయడం ధర చెప్పడం కిందికి రాదు.

రెండో ఆయుధం 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, వీటిని తెచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే 13 రకాల ఎత్తుగడలను అందులో పేర్కొన్నారు. వాటిలో డ్రిప్ ప్రైసింగ్ ఒకటి. కొనుగోలు ఖాయమయ్యాక, చెక్‌అవుట్‌లో చూపిన దానికంటే ఎక్కువ వసూలు చేయడం దాని కిందికి వస్తుంది. డబ్బు కట్టేసిన సేవను, ఇంకోటి కొంటేనే వాడుకోనివ్వడం కూడా వస్తుంది. మీ విషయంలో గది తాళాలు చేతికివ్వక ముందే ఫీజు అడిగారు. చుట్టూ కారు పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు, చీకటి పడుతోంది, వెనక్కి వెళ్తే గది డబ్బు పోతుంది. ఇలాంటి పరిస్థితిలో ఇచ్చిన డబ్బును ఇష్టపడి ఇచ్చారని ఏ వినియోగదారుల కమిషనూ అనుకోదని నా నమ్మకం. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జీని దానంతటదే కలపకూడదని సీసీపీఏ 2022 జులైలో చెప్పినప్పుడు కూడా పెద్ద వివాదమే నడిచింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. అక్కడైనా ఇక్కడైనా ప్రశ్న ఒకటే: చూపించిన ధర మీద ఇంకోటి తగిలించి బలవంతంగా తీసుకోవచ్చా?

ఇక మీ తమ్ముడి మాట. ఆయన చెప్పింది సగం నిజం. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ తన రిసార్ట్ హోటళ్లలో రాత్రి పార్కింగ్‌కు 2018 మార్చి 21 నుంచి ఫీజు పెట్టింది. హోటల్ స్థాయిని బట్టి రాత్రికి 13, 19, 24 డాలర్లు. అన్నేళ్లుగా ఉచితంగా ఉన్నదానికి డబ్బు అడిగేసరికి ఏటా వెళ్లే కుటుంబాలు మండిపడ్డాయి. కానీ ఆయన చెప్పని సగం మీకు పనికొస్తుంది. ఆ ఫీజు ఆ తేదీన, ఆ తర్వాత బుక్ చేసుకున్న వాళ్లకే. అంతకు ముందే బుక్ చేసుకున్న వాళ్లను అడగలేదు. చివరికి 2023 జనవరిలో ఆ ఫీజునే ఎత్తేశారు. అమెరికాలో ఇప్పుడు ఇంకో మార్పు కూడా వచ్చింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం 2025 మే 12 నుంచి హోటళ్లు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరను మొదటే చూపాలి. కాబట్టి ‘డిస్నీ చేసింది’ అని మీ హోటల్ వాళ్లు అంటే, పాత బుకింగుల విషయంలో డిస్నీ ఏం చేసిందో వాళ్లకే గుర్తుచేయండి. మన కమిషన్‌కు అది చట్టం కాదు, కానీ న్యాయంగా వ్యాపారం చేసేవాళ్లు కొత్త ఫీజు ఎలా పెడతారో చెప్పడానికి మంచి ఉదాహరణ.

హైదరాబాద్‌లో చాలామంది నన్ను అడిగే ఇంకో విషయం: ‘మన దగ్గర పార్కింగ్ ఉచితమని జీవో ఉంది కదా?’ ఉంది. 2018 మార్చి 20 నాటి జీవో 63. మాల్స్, మల్టీప్లెక్స్‌లు, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట ఉచితం, ఆ తర్వాత గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం, గంట దాటితే బిల్లు పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉండాలి. కానీ అది షాపింగ్‌కో సినిమాకో వచ్చి పోయే వాళ్లను దృష్టిలో పెట్టుకుని గంటల లెక్కన రాసిన జీవో. శివార్లలోని రిసార్ట్‌లో రాత్రంతా ఉండే కారుకు దాన్ని వర్తింపజేయాలని వాదిస్తే, హోటల్ లాయర్ ఆ ఒక్క పాయింటు మీదే మిమ్మల్ని నెలల తరబడి తిప్పుతాడు. ఫిర్యాదులో ఒక వాక్యంగా రాయండి, అంతే. దాని మీదే ఆధారపడకండి.

అసలు నాకు 1,600 కంటే ఆ సొట్ట పడ్డ డోరే ముఖ్యంగా కనిపిస్తోంది. ఆ బోర్డు చూసి చాలామంది నోరు మూసుకుని వెళ్లిపోతారు. అలా వెళ్లిపోనక్కర్లేదు. 1998 ఆగస్టులో ఢిల్లీలోని ఓ పెద్ద హోటల్లో ఒక అతిథి తన మారుతి జెన్ కారు తాళంచెవి వ్యాలెట్‌కి (కారు తీసుకెళ్లి పార్క్ చేసే హోటల్ ఉద్యోగికి) ఇచ్చి లోపలికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి కారును ఎవరో పట్టుకుపోయారు. హోటల్ వాళ్లు టోకెన్ మీద ఉన్న ‘ఓనర్ రిస్క్’ షరతు చూపించారు. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2019 నవంబరు 14న తేలింది. తాజ్ మహల్ హోటల్ వర్సెస్ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసు అది. తాళంచెవి పుచ్చుకుని కారును స్వాధీనంలోకి తీసుకున్నాక, తిరిగి అదే స్థితిలో అప్పగించాల్సిన బాధ్యత హోటల్‌దేనని కోర్టు చెప్పింది. కారు పోయినా, దెబ్బతిన్నా, తమ నిర్లక్ష్యం లేదని ముందు హోటలే రుజువు చేసుకోవాలి. తమ సిబ్బంది నిర్లక్ష్యానికి బోర్డు వెనక దాక్కోవడం కుదరదు.

మీ కార్లను వాళ్ల డ్రైవరే పెట్టాడు కాబట్టి ఈ తీర్పు మీకు బాగా సరిపోతుంది. మీరే పార్క్ చేసి తాళంచెవి జేబులో వేసుకుని ఉంటే ఇంత సులువు కాదు. అప్పుడు కారు నిజంగా ఎవరి అధీనంలో ఉంది, గేటు దగ్గర టోకెన్ చూసి వదులుతున్నారా, కాపలా ఉందా అనేవి చూడాల్సి వస్తుంది. పైగా మీ దగ్గర ఫీజు కూడా తీసుకున్నారు. రాత్రికి 400 పుచ్చుకుని కారును చూసుకునే పూచీ మాది కాదంటే ఆ 400 దేనికో వాళ్లే చెప్పాలి.

ఇప్పుడు పని మొదలుపెట్టండి. బుకింగ్ కన్ఫర్మేషన్, డబ్బు కట్టినప్పటి స్క్రీన్‌షాట్, పార్కింగ్ రసీదు, వ్యాలెట్ టోకెన్, యూపీఐ మెసేజ్ ఒకచోట పెట్టండి. రసీదు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే అదీ రాయండి. డోర్ ఫోటోలు తీయకుండా, వర్క్‌షాప్ ఎస్టిమేట్ తీసుకోకుండా రిపేరు చేయించవద్దని మీ ఆడపడుచు గారికి చెప్పండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే సర్వేయర్ వచ్చేదాకా ఆగాలి. క్లెయిమ్ వల్ల నో క్లెయిమ్ బోనస్ పోతే ఆ నష్టం కూడా హోటల్ నుంచి అడగవచ్చు. సీసీ కెమెరా ఫుటేజీ ఎన్నాళ్లో ఉంచరు. ఈరోజే హోటల్‌కు ఈ-మెయిల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ రెండు రోజుల ఫుటేజీ చెరిపేయవద్దని అడగండి. తర్వాత ‘లేదు’ అన్నా, మీరు అడిగిన మెయిల్ మీ పక్షాన మాట్లాడుతుంది.

అదే ఫిర్యాదును యాప్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ (ఫిర్యాదులు చూసే అధికారికీ) పంపండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అని నిబంధన. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇలాంటి చిన్న మొత్తాలు చాలా వరకు అక్కడే తేలిపోతాయి, కేసు దాకా వెళ్లాలని హోటళ్లకూ ఉండదు.

అక్కడ తేలకపోతే రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, హోటల్ ఎక్కడున్నా, యాప్ కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్ల గడువుంది, కానీ ఫుటేజీ, సాక్ష్యాలు అన్నాళ్లు ఆగవు. ఫిర్యాదును ‘సేవా లోపం’, ‘అనుచిత వ్యాపార విధానం’ అనే రాయండి. కోపంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాయవద్దు. దాన్ని విచారించే అధికారం రాష్ట్ర కమిషన్ నుంచి మొదలవుతుంది, ఆ సాకుతో మీ కాగితాలు వెనక్కి రావచ్చు. అడగాల్సినవి: 1,600 వాపసు, డోర్ రిపేరు ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు, ఇకపై పాత బుకింగుల మీద ఈ వసూలు ఆపాలనే ఆదేశం. పరిహారం కింద లక్షలు రాయకండి. న్యాయమైన అంకె రాసిన ఫిర్యాదును సభ్యులు శ్రద్ధగా చదువుతారు. చట్టం మూడు నెలల్లో తేల్చాలంటుంది. ఆచరణలో అంతకు మించే పడుతుంది, ముందే తెలిసి వేయడం మంచిది.

మీ ముందు వాదించిన కుటుంబం ఫోన్ నంబరు ఉంటే మాట్లాడండి. వాళ్లూ నెల ముందు బుక్ చేసిన వాళ్లే అయితే, కమిషన్ అనుమతితో ఒకే ఇబ్బంది పడ్డ అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలుంది. గది క్యాన్సిల్ చేయమన్న ఆ పెద్దమనిషి సాక్ష్యం మీకు చాలా విలువైనది, ఎందుకంటే ‘కట్టకపోతే వెళ్లిపోవచ్చు కదా’ అనే ప్రశ్నకు ఆయన అనుభవమే జవాబు. గదులు మీ పేరున, సొట్ట పడ్డ కారు మీ ఆడపడుచు వాళ్లది కాబట్టి ఆర్సీ ఎవరి పేరున ఉందో వాళ్లను రెండో ఫిర్యాదుదారుగా చేర్చండి. లేకపోతే రిపేరు ఖర్చు అడిగే హక్కు మీకెక్కడిదని మొదటి వాయిదాలోనే అడుగుతారు.