పాపకు రెస్క్యూ హెలికాప్టర్ కావాలంట, చీనీ తోట అమ్మేదా?

ప్రశ్న: సార్, మాది ధర్మవరం దగ్గర పల్లె. పాప అనంతపురంలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. 2021 వరదలప్పుడు చిత్రావతిలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో పైకి లాగిన వీడియో చూసినప్పటి నుంచి అదే పని చేస్తానంటోంది. మిలిటరీ అంటే మాకు భయం, పైగా ఆడపిల్ల. విదేశంలో హెలికాప్టర్ లైసెన్సు చేయిస్తే సివిల్ రెస్క్యూలో ఉద్యోగం వస్తుందని ఒక ఏజెంటు అంటున్నాడు. తోట అమ్మి పంపేదా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: అన్నా, ముందు తోట అమ్మే మాట ఆపండి.

"మిలిటరీ వద్దు, అదే పని సివిల్‌లో ఉందా?" అని అడిగే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. పైకి జీతం, సెలవులు అడుగుతారు. లోపల ఉండేది భయమే. కాబట్టి భయం గురించే మాట్లాడుకుందాం.

ఏజెంటు మీకు చెప్పని సంగతి ఒకటుంది. మన దేశంలో తాడు దించి మనుషుల్ని కాపాడే సివిల్ హెలికాప్టర్ సర్వీసు అంటూ ప్రత్యేకంగా లేదు. ఆ పని ఎక్కువగా వైమానిక దళం, నేవీ, కోస్ట్ గార్డ్ చేస్తాయి. కోస్ట్ గార్డ్ కూడా రక్షణ శాఖ కిందిదే. పాప చూసిన వీడియోనే తీసుకోండి. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర కారులో ఇరుక్కున్నవాళ్ల కోసం వెళ్లిన జేసీబీ కూడా నీళ్లలో ఆగిపోతే, మొత్తం పదిమందినీ బయటికి తెచ్చింది వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోతే, మర్నాడు పావురాలగుట్ట మీద దాన్ని కనిపెట్టిందీ వైమానిక దళం హెలికాప్టర్లే.

మరి సివిల్ హెలికాప్టర్లు ఏం చేస్తాయి? సముద్రంలో ఓఎన్‌జీసీ రిగ్గులకు సిబ్బందిని చేరవేస్తాయి, యాత్రికుల్ని, వీఐపీలను తిప్పుతాయి. రిషికేశ్ ఎయిమ్స్ 2024లో హెలికాప్టర్ అంబులెన్సు మొదలుపెట్టింది. అదీ మంచి పనే. కానీ మీ పాప అడుగుతున్నది అది కాదు.

ఏజెంటు బ్రిటన్ పేరు చెప్పి ఉంటాడు. అక్కడ సివిల్ రెస్క్యూ ఉన్న మాట నిజమే. యువరాజు విలియం రెస్క్యూ పైలట్‌గా పనిచేసిన రోజుల్లో అది ఎక్కువగా సైన్యం చేతిలోనే ఉండేది. 2015లో బ్రిస్టో అనే కంపెనీ తీసుకుంది. అయితే ఆ కంపెనీలో చేరినవాళ్లలో చాలామంది అంతకుముందు సైన్యంలో ఇదే పని చేసినవాళ్లు. 150 గంటల ఫ్లయింగ్‌తో మన దగ్గర కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సు వస్తుంది, అంతే. రాత్రిపూట గాలివానలో సముద్రం మీద తాడు దించే సీటు ఆ గంటలకు ఎవరూ ఇవ్వరు, అందులోనూ ఆ దేశంలో పని హక్కు లేనివాళ్లకు. ఇక్కడికి తిరిగొచ్చినా వేల గంటలు తిప్పి రిటైరైన సైన్యం పైలట్లతో పోటీ. పదుల లక్షలు పోశాక పాప ఇంట్లో కూర్చుంటే ఏజెంటు ఫోన్ ఎత్తుతాడా? ఈ కోర్సుల మీద నా అనుమానం ఇదే. లైసెన్సు అబద్ధం కాదు, దాని తర్వాత ఉందని చెప్పే ఉద్యోగమే అబద్ధం.

ఇక భయం. దాచను, 2013లో కేదార్‌నాథ్ వరదల సహాయంలో వైమానిక దళం హెలికాప్టర్ కూలి 20 మంది పోయారు. 2025 జూన్‌లో అదే కేదార్‌నాథ్ దారిలో ప్రైవేటు హెలికాప్టర్ కూలి ఏడుగురు పోయారు. సివిల్ అంటే సేఫ్ అని మీకెవరు చెప్పారు? కొండలవే, మబ్బులవే.

"పైగా ఆడపిల్ల" అన్నారు చూడండి, అక్కడ నాకు కోపమొచ్చింది. ఒంటరిగా పరాయి దేశానికి, ముక్కూమొహం తెలియని ఏజెంటును నమ్మి పంపడానికి అడ్డురాని ఆడపిల్లతనం హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని వైమానిక దళం అకాడమీకి పంపడానికి అడ్డొచ్చిందా? వైమానిక దళంలో ఆడవాళ్లు 1990ల నుంచీ హెలికాప్టర్లు నడుపుతున్నారు. ఇంటర్ తర్వాత చేరే సైనిక శిక్షణ సంస్థ ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) కూడా 2022 నుంచి అమ్మాయిల్ని తీసుకుంటోంది. అక్కడ ట్రైనింగుకు మీరు డబ్బు కట్టక్కర్లేదు, వాళ్లే ఇస్తారు.

ఒక మాట పాపకు ముందే చెప్పండి: ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా అన్నది ట్రైనింగులో వాళ్లు తేలుస్తారు, మనం కాదు. హెలికాప్టర్ వచ్చినా రోజూ రెస్క్యూ ఉండదు. సరుకులు, జవాన్లను మోయడమే ఎక్కువ.

పరీక్షల సంగతి కాలేజీలో చెబుతారు. మీరు మాత్రం కోచింగ్ ఫీజు కట్టకముందే పాప ఎత్తు కొలవండి. పైలట్‌కు 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కళ్ల డాక్టరు దగ్గర రంగులు గుర్తించే పరీక్ష కూడా చేయించండి. పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టు మళ్లీ మళ్లీ రాయనివ్వరు, తయారు కాకుండా వెళ్లొద్దు. ఇప్పుడు కుదరకపోతే డిగ్రీ తర్వాత వైమానిక దళం పెట్టే ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఉంది. ఆ దారిలో 14 ఏళ్లు పనిచేసి బయటికొస్తే, అప్పటికి సివిల్ కంపెనీలు చూసే గంటలు ఆమె దగ్గర ఉంటాయి.

ఏజెంటుకు అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే రసీదు పట్టుకుని ఈ వారమే వెళ్లి తిరిగిమ్మని అడగండి. పాపను కూడా వెంట తీసుకెళ్లండి.