ఒకే మోడల్ సెయిల్‌బోట్లలో 1986 నాటిదా, 2003 నాటిదా?

ఒకే మోడల్‌కు చెందిన రెండు వాడిన సెయిల్‌బోట్లు మీ దృష్టిలో ఉన్నాయని, ఒకటి 1986లో, మరొకటి 2003లో తయారైందని, పాతదాని ధర కొత్తదాని ధరలో సగం కూడా లేదని రాశారు. అంత తేడా పెట్టి కొత్తది కొనడం సబబేనా అన్నది మీ ప్రశ్న. 2016లో నేనూ ఇదే సందిగ్ధంలో పడ్డాను. నా ముందున్నవి 1984, 2002 నాటి పడవలు. రెండింటినీ నీటిలోంచి పైకి తీయించి, పడవల స్థితిని పరీక్షించే సర్వేయర్‌తో పాటు నేనూ దగ్గరుండి చూసి, చివరికి పాతదాన్నే కొన్నాను.

మోడల్ పేరు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకే పడవ అనుకోకండి. కాటలీనా 30 అనే పడవ 1970ల మధ్య నుంచి 2008 దాకా తయారవుతూనే వచ్చింది. ఆరు వేలకు పైగా నీటిలోకి దిగాయి. తొలినాటి వాటిలో అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజిన్ ఉండేది, తరువాతి వాటిలో డీజిల్ వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక పడవ అడుగున చేరి నిలుస్తుంది. స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ బ్లోవర్ నడిపి దాన్ని బయటికి పంపాల్సిందే. కాబట్టి మీ మోడల్‌లో ఏ సంవత్సరం ఏది మారిందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి.

నేను అన్నిటికన్నా ముఖ్యంగా నేర్చుకున్నది ఏమిటంటే, పడవకు ఒకే వయసు ఉండదు, దానిలోని ఒక్కో భాగానికి ఒక్కో వయసు ఉంటుంది. నేను చూసిన 2002 నాటి పడవ మెరుగుపెట్టిన అద్దంలా ఉన్నా, మాస్ట్‌ను, అంటే తెరచాపను మోసే నిలువు స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. అంటే వాటికి పద్నాలుగేళ్లు. పదీ పదిహేనేళ్ల మధ్య వాటిని మార్చాలని సర్వేయర్లు, బీమా కంపెనీలు తరచూ చెబుతుంటారు. 1984 నాటి పడవలో పాత యజమాని మూడేళ్ల క్రితమే ఆ తీగలన్నీ మార్పించి, రసీదులు ఒక ఫైలులో భద్రంగా పెట్టుకున్నాడు. ఇంజిన్ కూడా మార్చినదే. ఆ లెక్కన, సముద్రంలో నా ప్రాణం దేనిమీద ఆధారపడుతుందో ఆ భాగాల వరకు 1984 నాటి పడవే కొత్తది.

అలాగని పాత పడవలో దోషం లేదని కాదు. సర్వేయర్ చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్, అంటే పడవ పైతలం, అంతటా అంగుళం అంగుళం తడుతూ వెళ్లాడు. గట్టిగా ఉన్నచోట టక్ టక్ మని స్పష్టంగా మోగిన శబ్దం, కుడివైపు రెయిలింగ్ స్తంభం దగ్గరికి వచ్చేసరికి తడి చెక్కమీద కొట్టినట్టు మందగించింది. అతను అక్కడ చాక్‌పీసుతో గీత గీశాడు. ఆ గీతలన్నీ కలిపితే రెండు అరచేతులంత మేర. స్తంభం బోల్టుల చుట్టూ సీలెంట్ ఎండిపోయి, వాన నీరు ఏళ్ల తరబడి లోపలికి దిగి, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉండే బాల్సా చెక్కను కుళ్లబెట్టింది. కొన్నాక ఆ పైపొరను కోసి తీసి, నల్లబడి పిండిలా రాలుతున్న చెక్కను గీకి, కొత్త చెక్క అతికించి మూయడానికి నాకు రెండు నెలల వారాంతాలు పట్టాయి. ఆ పని నాకు నచ్చింది, కానీ అందరికీ ఆ తీరిక ఉండదని తెలుసు.

తీగలు డెక్‌కు బిగిసే స్టీలు పట్టీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పైకి కనిపించే భాగం మెరుస్తూనే ఉంటుంది. గాలి తగలక తేమలో ఉండిపోయే చోట, అంటే సరిగ్గా డెక్ మందంలో, స్టెయిన్‌లెస్ స్టీలు లోలోపల తినబడుతుంది. నా పడవలో ఒక పట్టీని విప్పించి చూస్తే, నడుము దగ్గర గోధుమ రంగు గుంటలు, వెంట్రుకవాసి పగులు కనిపించాయి. విప్పకుండా అది ఎవరికీ కనిపించేది కాదు.

కొత్త పడవలో వెతకాల్సినవి వేరు. ఇటీవలి దశాబ్దాల పడవలు చాలావాటిలో అడుగును బలపరిచే చట్రాన్ని విడిగా పోతపోసి, హల్‌కు, అంటే పడవ దేహానికి, జిగురుతో అతికిస్తారు. కీల్, అంటే పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క, రాయికి గట్టిగా తగిలితే ఆ అతుకు లోపల ఊడిపోవచ్చు, పైకి ఏమీ తెలియదు. 2006లో తయారైన చీకీ రఫీకీ అనే బెనెటో ఫస్ట్ 40.7 పడవ 2014 మేలో అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయి తలకిందులైంది, అందులో ఉన్న నలుగురూ దక్కలేదు. అంతకు ముందు అది నేలకు తగిలిన సందర్భాలు, ఆ తరువాత జరిగిన మరమ్మతులు కలిసి ఆ అమరికను బలహీనపరచి ఉండవచ్చని బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ నివేదికలో పేర్కొంది. ఆ పడవకు అప్పటికి ఎనిమిదేళ్లే. అందుకే 2003 నాటి పడవ అమ్మేవారిని, ఎప్పుడైనా నేలకు తగిలిందా అని సూటిగా అడగండి. ఫ్లోర్‌బోర్డులన్నీ ఎత్తించి, కీల్ ముందు, వెనుక అంచుల దగ్గర చట్రంలో పగుళ్లున్నాయేమో చూడండి.

పడవ అడుగున ఫైబర్‌గ్లాస్‌లోకి నీరు ఇంకి వచ్చే బొబ్బల గురించి మరీ భయపడకండి. 1980ల పడవల్లో అవి ఎక్కువే, కానీ కొద్దిపాటి బొబ్బలతో మునిగిన పడవ గురించి నేను వినలేదు; ధర తగ్గించడానికి మాత్రం పనికొస్తాయి. తెరచాపల వయసు, వైరింగ్ స్థితి, సముద్రపు నీటి వాల్వులు తేలిగ్గా తిరుగుతున్నాయా లేదా అన్నవి ఒక పూటలో చూసేయవచ్చు. ఇంజిన్‌కు సెయిల్‌డ్రైవ్, అంటే హల్‌లోని రంధ్రం గుండా నేరుగా కిందికి దిగి ప్రొపెల్లర్‌ను తిప్పే అమరిక, ఉంటే, హల్‌లో నీటిని ఆపే రబ్బరు డయాఫ్రమ్ చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీతో సహా కనుక్కోండి.

మీరు ఈ సీజన్‌లోనే పిల్లలతో నీటిమీదికి వెళ్లాలనుకుంటే, పనిముట్లు పట్టే ఓపిక లేకపోతే, కొత్తదాని వెనుకభాగం తెరిచి ఉండి నీటిలోంచి ఎక్కడానికి మెట్లుంటే, నేనైనా కొత్తదానివైపే మొగ్గుతాను. కానీ ముందు ఇద్దరు అమ్మకందారుల దగ్గరా రసీదులు అడిగి, తీగలు, పట్టీలు, ఇంజిన్, తెరచాపలు, వాల్వులు ఒక్కొక్కటి ఏ సంవత్సరానివో పక్కపక్కన రాయండి. రాబోయే ఐదేళ్లలో మార్చాల్సిన వాటి ఖర్చును ఆయా ధరలకు కలపండి. సర్వే రోజున ఒక పట్టీనైనా విప్పడానికి అనుమతి ముందే తీసుకోండి. నిరాకరిస్తే అదే మీకు సమాధానం అనుకోవచ్చు. ఆ పట్టిక ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.